క్యారియర్ అంటే మోసేది మాత్రమేనా? ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ ఉన్న ఇంట్లో తల్లి కిడ్నీ లెక్క

మౌలాలి అమ్మ

ఈ చర్చావేదికలో అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అని, అంటే కిడ్నీలతోపాటు చెవులనూ కళ్లనూ దెబ్బతీసే జన్యు జబ్బు అని తేలి నాలుగేళ్లయింది. కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ గత నెల పరీక్షలో 3.4 వచ్చింది. డయాలసిస్ దాకా పోకుండా ముందే కిడ్నీ మార్పిడి చేయించే వీలుందేమో చూద్దామని, ఇంట్లో దాతగా ఎవరు నిలబడగలరో ఆలోచించుకొని రమ్మని డాక్టరుగారు చెప్పారు. ఆలోచించడానికి ఏముంది, నాది తీసుకోండి అని అక్కడే అనేశాను. మా వారికి పదేళ్లుగా షుగరు ఉంది కాబట్టి మిగిలింది నేనే. ఆయన ఒక నిమిషం ఊరుకొని, "ముందు మీ మూత్ర పరీక్ష ఒకటి చేయించండమ్మా" అన్నారు. పన్నెండేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాను గానీ నా మూత్రం ఎవరూ పరీక్షించలేదు, చేయించాలని నాకూ తోచలేదు.

మా కథ క్లుప్తంగా చెబుతాను. వాడికి నాలుగేళ్లప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చిన రెండో రోజున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. ఇన్ఫెక్షన్ అని మందులిచ్చారు, రంగు తగ్గింది, మేమూ మరిచిపోయాం. తొమ్మిదేళ్లకు ప్రోటీన్ పోతోందని తెలిసింది. ఒక ఆసుపత్రిలో నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే మరో కిడ్నీ జబ్బు) అనుకొని దాదాపు రెండేళ్లు స్టెరాయిడ్లు వాడించారు. ముఖం ఉబ్బింది, ఎత్తు ఆగిపోయింది, ప్రోటీన్ మాత్రం తగ్గలేదు. పన్నెండేళ్లకు వేరేచోట బయాప్సీ తీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, జన్యు పరీక్ష చేయిస్తే అసలు పేరు బయటపడింది.

చెవుల సంగతి అంతకుముందే నా కళ్లముందు జరిగింది, నేనే గుర్తించలేదు. పదేళ్లప్పుడు ఒకరోజు పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి, "మూడు కూతలు రాగానే కట్టెయ్యరా" అని చెప్పి మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్లాను. దిగివచ్చేసరికి ఇల్లంతా మాడువాసన. వాడు కుక్కర్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చొని బొమ్మలు గీసుకుంటున్నాడు. "ఒక్క కూత కూడా రాలేదమ్మా" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బ సంగతి ఇప్పటికీ నన్ను వదలలేదు.

జన్యు పరీక్ష నివేదికలో నా పేరుకు ఎదురుగా ‘క్యారియర్’ అని రాసి ఉంది. మా ఇంట్లో క్యారియర్ అంటే మా వారు ఆఫీసుకు తీసుకెళ్లే అన్నం క్యారియర్. అన్నం మోసే డబ్బాకు ఆకలేం ఉంటుంది అన్నట్టు, జబ్బును వాడికి మోసుకొచ్చాను గానీ నాకేమీ లేదనే నేనూ అనుకున్నాను. మా అత్తగారు దాన్ని మరోరకంగా అర్థం చేసుకున్నారు. ఇది మీ పుట్టింటి రక్తం అని నలుగురిలోనూ అంటారు.

నా ప్రశ్న ఒక్కటే. ఈ ‘క్యారియర్’ తల్లి కిడ్నీ ఇవ్వవచ్చా?

రెడ్‌హిల్స్ డాక్టరు

అమ్మా, నేను నెఫ్రాలజీ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ అబ్బాయి విషయంలో నిర్ణయం అతన్ని చూస్తున్న డాక్టరుదే. ఆ ‘క్యారియర్’ అన్న మాటను మాత్రం ముందు తీసేద్దాం.

మన కిడ్నీలో రక్తాన్ని వడపోసే చోట ఒక పల్చని పొర ఉంటుంది. దాని బలమంతా నాలుగో రకం కొల్లాజెన్‌ది. ఆ కొల్లాజెన్ మూడు పురులు పేనిన తాడు వంటిది. ఒక్క పురి సరిగా తయారు కాకపోయినా తాడు నిలవదు, పొర ఏళ్ల తరబడి చీలుతూ, మందమవుతూ, మచ్చకట్టుతూ పోతుంది. లోపలి చెవిలోనూ, కంటి కటకాన్ని చుట్టిన సంచిలోనూ ఉండేది ఇదే తాడు కాబట్టి కిడ్నీ, చెవి, కన్ను మూడూ ఒకే జబ్బులో చేరాయి. 1927లో సెసిల్ ఆల్‌పోర్ట్ అనే వైద్యుడు ఒక కుటుంబంలో మూత్రంలో రక్తం, చెవుడు కలిసి నడుస్తున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ ఇంటి మగవాళ్లు త్వరగా పోతున్నారు, ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారని కూడా ఆయన గమనించాడు. ‘ఆడవాళ్లకు ఏమీ కాదు’ అనే అపోహకు మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఎక్కువకాలం బతకడం వేరు, జబ్బు లేకపోవడం వేరు.

ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న సి.ఓ.ఎల్.4ఎ5 జన్యువులో ఉంటుంది. మీ నివేదికలో ఉన్నదీ అదే అనుకుంటాను. అబ్బాయికి ఒకే ఎక్స్ ఉంటుంది కాబట్టి తాడు పూర్తిగా దెబ్బతింటుంది. మీకు రెండు ఎక్స్‌లు ఉన్నాయి. ప్రతి కణంలోనూ వాటిలో ఒకటి మూగబోతుంది, ఏది మూగబోవాలనేది ఆ కణం అదృష్టం. అంటే మీ పొరలో కొన్నిచోట్ల మంచి నేత, కొన్నిచోట్ల చెడ్డ నేత కలిసి ఉంటాయి. అందుకే ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరు డెబ్బై ఏళ్లకు కూడా మూత్రంలో కాస్త రక్తంతోనే సరిపెట్టుకుంటారు, ఇంకొకరు నలభై దాటకముందే డయాలసిస్‌కు వస్తారు. ఐరోపా కుటుంబాలను పరిశీలించి 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ లోపం ఉన్న ఆడవాళ్లలో దాదాపు నూటికి 12 మందికి నలభై ఏళ్లలోపు, నూటికి 30 మందికి అరవై ఏళ్లలోపు కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయి. మగవాళ్లలో నలభై ఏళ్లకు ఆ సంఖ్య నూటికి 90. ఈ తేడా పెద్దదే గానీ, నూటికి 30 అనేది ‘ఏమీ లేదు’ అనదగిన సంఖ్య కాదు. 2018 నుంచి ఈ జబ్బు నిపుణులు ఆడవాళ్లను క్యారియర్లు అనకుండా రోగులుగానే లెక్కించాలని చెబుతున్నారు.

ఇక దానం సంగతి. లోపమున్న తల్లి కిడ్నీ ఇవ్వడం పూర్తిగా నిషేధం కాదు, చివరి ప్రత్యామ్నాయం మాత్రమే. వయసు నలభై అయిదు దాటి, మూత్రంలో ప్రోటీన్ లేక, బీపీ లేక, చెవులు బాగుండి, ఇంకో దాత దొరకనప్పుడే ఆలోచిస్తారు. ఎందుకంటే ఉన్న రెంటిలో ఒకటి ఇచ్చేస్తే మిగిలినదాని మీద భారం పెరుగుతుంది, ఆ మిగిలినది కూడా చెడ్డ నేతతో ఉన్నదే. పొద్దున లేవగానే పోసిన మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి (ఎంత ప్రోటీన్ పోతోందో చెప్పే కొలత), మూత్రంలో రక్తకణాలు, రక్తంలో క్రియాటినిన్, బీపీ, ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష. ఈ అయిదూ చేయించండి. కొడుకు కోసం కాదు, మీ కోసం.

స్టెరాయిడ్లు ఈ జబ్బుకు పనిచేయవు. పనిచేసేది రామిప్రిల్ వంటి బీపీ మందు. బీపీ లేకపోయినా ప్రోటీన్ కారడాన్ని తగ్గించడానికి ఇస్తారు. ఐరోపాలో నమోదైన రోగుల వివరాలను బట్టి 2012లో వచ్చిన పరిశీలనలో, ఈ రకం మందు వాడనివారిలో సగంమంది 22 ఏళ్లకే డయాలసిస్‌కు చేరారు. కిడ్నీ పని బాగా తగ్గాక మొదలుపెట్టినవారిలో అది 25 అయింది. పని తగ్గకముందే, ప్రోటీన్ కనబడుతున్న దశలో మొదలుపెట్టినవారిలో 40 అయింది. మీ అబ్బాయి కోల్పోయిన మూడేళ్ల విలువ ఈ లెక్కలో ఉంది. అది మీ తప్పు కాదని మాత్రం నమ్మండి.

మూడో కిడ్నీ

నా మారుపేరు చూసి నవ్వకండి, అది వైద్యపరంగా నిజం. మార్పిడిలో పాతవి రెండూ తీయరు, కొత్తదాన్ని పొత్తికడుపులో కుడివైపు పెడతారు. నాకు ముప్ఫై ఒకటి. మార్పిడి జరిగి ఎనిమిదేళ్లయింది.

డాక్టరుగారు చెప్పినది ఎక్స్ రకం. మాది వేరే రకం. మా అమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. లోపం రెండో క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువులో ఉండటంతో, అమ్మ దగ్గరనుంచి ఒకటి, నాన్న దగ్గరనుంచి ఒకటి రెండు చెడ్డ ప్రతులూ నాకే వచ్చాయి. ఈ రకంలో ఆడా మగా తేడా లేదు, జబ్బు ఇద్దరికీ తీవ్రంగానే ఉంటుంది. ఆడపిల్లకు ఆల్‌పోర్ట్ రాదని ఒక పెద్దాయన మా అమ్మతో ఖాయంగా చెప్పడం వల్ల నా పరీక్షలు మూడేళ్లు ఆలస్యమయ్యాయి. మేనరికం చేసుకున్న ఇళ్లవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అమ్మానాన్నలిద్దరికీ ఒక్కో ప్రతి చెడిపోయి ఉన్నందువల్ల ఇద్దరి మూత్రంలోనూ కంటికి కనబడని రక్తం ఉంది, అందుకని ఇద్దరినీ దాతలుగా ఒప్పుకోలేదు. చనిపోయినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేయించుకొని, రెండేళ్లకు పైగా డయాలసిస్ మీద ఎదురుచూశాను. ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియదు, మోగినా నాకు వినబడదు. అందుకని అమ్మ ఆ రెండేళ్లూ ఫోను కొంగున కట్టుకొని పడుకుంది.

మార్పిడి తరువాత ఈ జబ్బు కొత్త కిడ్నీకి రాదు, ఎందుకంటే దానిలోని తాడు దాత శరీరం పేనినది. అయితే మన శరీరం ఆ మంచి తాడును పుట్టాక ఎన్నడూ చూసి ఉండదు కాబట్టి నూటికి ముగ్గురు నుంచి అయిదుగురిలో దాన్ని శత్రువుగా భావించి దాడి చేస్తుంది. అది ఎక్కువగా మొదటి సంవత్సరంలోనే జరుగుతుందని నన్ను ఆ ఏడాది గట్టిగా కనిపెట్టారు. నాకు రాలేదు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోజూ ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి టాక్రోలిమస్ మాత్ర. ఈ ఎనిమిదేళ్లలో పెళ్లిభోజనాల మధ్యలోనూ, ఒకసారి శ్మశానంలోనూ వేసుకున్నాను.

చెవులు మాత్రం వెనక్కి రావు. మార్పిడి అయితే వినికిడి కూడా బాగవుతుందని మా ఇంట్లో అందరూ ఆశపడ్డారు. కిడ్నీ మారింది, చెవిలోని తాడు అదే కదా. హియరింగ్ ఎయిడ్ బాగా పనిచేస్తుంది, కాని మాస్కు పెట్టుకొని మాట్లాడే డాక్టర్ల ముందు నేను సగం చెవిటిదాన్నే. నేను పెదవులు చదువుతానని నాకే తెలియలేదు, కరోనా కాలంలో అందరి నోళ్లూ మూసుకుపోయాక తెలిసింది.

ఉప్పల్ నాన్న

అమ్మా, మీ అత్తగారి మాటకు జవాబు నేను చెప్పగలను, ఎందుకంటే ఈ జబ్బును నేనే మా ఇంటికి తెచ్చాను. నాకు నలభై రెండు. ఇరవై తొమ్మిదో ఏట డయాలసిస్ మొదలైంది, ముప్ఫై ఒకటిలో మా నాన్న కిడ్నీ ఇచ్చారు. జబ్బు అమ్మవైపుది కాబట్టి నాన్న నిశ్చింతగా ఇవ్వగలిగారు.

మగవాడి ఎక్స్ ప్రతి కూతురికీ తప్పకుండా వెళుతుంది, కొడుకులెవరికీ వెళ్లదు. నాకు ఇద్దరూ కూతుళ్లే. అంటే పరీక్ష చేయకముందే ఇద్దరికీ ఉందని తెలుసు. తల్లివైపు నుంచైతే ఒక్కో బిడ్డకు సగం సగం అవకాశం. పుట్టింటి రక్తం, మెట్టింటి రక్తం అనేవి మనం పెట్టుకున్న పేర్లు. పైగా ఈ రకంలో నూటికి పది నుంచి పదిహేను కుటుంబాల్లో జబ్బు ఎవరి దగ్గరనుంచీ రాదు, ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది.

పెద్దమ్మాయికి పదకొండేళ్లకే ఆల్బుమిన్ కనబడటంతో మందు మొదలుపెట్టారు. చిన్నదానికి ఇంకా రక్తం మాత్రమే. ఆరు నెలలకొకసారి ముగ్గురం వరుసగా సీసాలు పట్టుకొని ల్యాబ్‌కు వెళ్తాం, పొద్దున ఎవరు ముందు బాత్రూంలోకి వెళ్లాలనే దాని మీద గొడవ కూడా పడతారు. ఈ జబ్బును పిల్లల దగ్గర దాచవద్దు. మా అమ్మ నా దగ్గర దాచింది. నాకు పద్నాలుగేళ్లకు తెలియవలసినది ఇరవై ఆరుకు తెలిసింది, ఆ మధ్యలో వెన్నునొప్పికని ఏళ్ల తరబడి కిడ్నీకి హాని చేసే డిక్లోఫెనాక్ నొప్పి మాత్రలు మందుల షాపులో కొనుక్కొని మింగాను.

ఇంకొక మాట. మీ అబ్బాయికి ఎప్పుడైనా ఇన్ఫెక్షన్ వస్తే జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు వద్దని ముందే చెప్పండి. అవి చెవినీ కిడ్నీనీ రెంటినీ కొడతాయి. నేనొక కాగితం మీద రాయించుకొని ఆధార్ కార్డు వెనకాల పెట్టుకుంటాను.

బోడుప్పల్ చెల్లెలు

మా అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. నాకు ఇరవై నాలుగు, సంబంధాలు చూస్తున్నారు. నాకు పరీక్ష చేయించవద్దని అమ్మ పట్టుబట్టింది. "కాగితం మీద పడితే అది నీ జాతకంలో పడినట్టే" అంది. నేను ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లి మూత్ర పరీక్ష చేయించుకున్నాను. రక్తం ఉంది, ప్రోటీన్ లేదు. నిమ్స్ ఆసుపత్రి మెడికల్ జెనెటిక్స్ విభాగంలో మాట్లాడాక జన్యు పరీక్ష కూడా అయింది. అన్నయ్యకు ఉన్నదే నాకూ ఉంది.

ఇన్నేళ్లూ మా ఇంట్లో జబ్బు అంటే అన్నయ్య. అన్నయ్యకు ఉప్పులేని కూర, అన్నయ్యకు కొలిచిన నీళ్లు, అన్నయ్య పరీక్షల రోజున నా పుట్టినరోజు వచ్చినా అది వాయిదా. దానికి నాకు కోపం లేదు అంటే అబద్ధమవుతుంది. ఇప్పుడు నాకూ ఉందని తెలిశాక ఆ కోపం పోయి, దాని చోట ఏముందో చెప్పలేకపోతున్నాను. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లకు చెప్పాలా, చెబితే ఎప్పుడు చెప్పాలి అన్నది పెద్దలు చెప్పండి.

తార్నాక మాస్టారు

అమ్మాయీ, నేను లెక్కల మాస్టారుగా ముప్ఫై ఏళ్లు పనిచేశాను. నా మేనల్లుడికి ఈ జబ్బు ఉంది. నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మూత్రంలో రక్తకణాలు మాత్రమే ఉన్నదాన్ని జబ్బు అని చాటుకొని సంబంధాలు పోగొట్టుకోవడం అనవసరం. పెళ్లికొడుకు షుగరు, పొగతాగే అలవాటు ఎవరు చెబుతున్నారు? అడిగితే చెప్పు, అడగకపోతే ఊరుకో.

మౌలాలి అమ్మగారికి మాత్రం బడి సంగతి చెప్పాలి. ఈ పిల్లల్లో పుట్టుకతో వినికిడి బాగానే ఉంటుంది, పుట్టినప్పుడు చేసే పరీక్షలో పట్టుబడదు. పెద్దవుతున్నకొద్దీ ముందుగా సన్నని, కీచుమనే శబ్దాలు పోతాయి. స, శ, ఫ, త వంటి అక్షరాలు మసకబారతాయి, మాట మొత్తం వినబడుతున్నట్టే ఉంటుంది గానీ అర్థం జారిపోతుంది. నా మేనల్లుడు ‘సైన్’ అంటే ‘నైన్’ అని రాసుకొనేవాడు. వాడి త్రికోణమితి అంతా తప్పులే, నేనేమో పరధ్యానం అని మందలించాను. మీ కుక్కర్ దెబ్బ నాకూ తెలుసమ్మా, నాది బెత్తం.

మొదటి వరుసలో, గోడవైపు కాకుండా కిటికీవైపు వెలుతురులో కూర్చోబెట్టమని కాలేజీలో అడగండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దని అధ్యాపకులతో చెప్పండి. వినికిడి లోపం నలభై శాతం దాటితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుంది, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు. అయ్యో మా వాడికి వికలాంగుడనే ముద్ర ఎందుకని మా చెల్లెలు మూడేళ్లు ఆపింది.

బోడుప్పల్ చెల్లెలు

మాస్టారూ, మీ చెల్లెలు మూడేళ్లు ఆపితే తప్పు అన్నారు, నన్ను మాత్రం జీవితాంతం ఊరుకోమంటున్నారు.

రెడ్‌హిల్స్ డాక్టరు

అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. మాస్టారుగారి ఆవేదన అర్థమవుతుంది గానీ వైద్యుడిగా ఒప్పుకోలేను, దానికి కారణం నీతి ఒక్కటే కాదు. ఈ లోపమున్న స్త్రీ గర్భవతి అయినప్పుడు ప్రోటీన్ పెరగవచ్చు, బీపీ పెరగవచ్చు, అందుకని మొదటి నెలనుంచే కనిపెట్టి ఉండాలి. ఆమె రామిప్రిల్ గాని, టెల్మిసార్టన్ అనే మరో బీపీ మందు గాని వాడుతూ ఉంటే గర్భం విషయం అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి, ఎందుకంటే అవి కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. భర్తకు తెలియకుండా ఇదంతా ఏ ఇంట్లో సాధ్యం? మాత్రల స్ట్రిప్పును బియ్యం డబ్బాలో దాచుకొని వేసుకున్న కోడళ్లను నేను చూశాను. పుట్టబోయే బిడ్డకు సగం అవకాశం ఉన్నదన్న విషయం కూడా ఇద్దరూ కలిసి తెలుసుకోవలసినది. మొదటి చూపులోనే ఫైలు తెరవనక్కరలేదు, నిశ్చితార్థానికి ముందు తెరవాలి.

తార్నాక మాస్టారు

గర్భం సంగతి నేను ఆలోచించలేదు. అమ్మాయీ, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. పోయే సంబంధాలు పోతాయన్న భయం మాత్రం వెనక్కి తీసుకోలేను, అది నిజమే కాబట్టి.

షిఫ్టు మనిషి

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. మౌలాలి అక్కా, మీ అబ్బాయికి డయాలసిస్ రాకుండానే మార్పిడి కావాలని కోరుకుంటున్నాను. అయినా ఒక జాగ్రత్త ఇప్పటినుంచే తీసుకోండి. వాడు కుడిచేతివాటం అయితే, ఎడమ చేతిలో మోచేతికి కిందా పైనా ఎవరినీ సూది గుచ్చనివ్వకండి. రక్తం తీసినా, సెలైన్ పెట్టినా అరచేతి వెనకవైపు గాని, కుడిచేతికి గాని పెట్టించండి. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా వేయవలసి వస్తే ఆ ఎడమ చేతి నరాలే ఆధారం. పాడైన నరాలతో వచ్చిన కుర్రవాళ్లకు మెడలో గొట్టం పెట్టి నెలలు నడపడం నేను రోజూ చూస్తున్నాను.

మా దగ్గర ఆల్‌పోర్ట్ ఉన్న కుర్రవాడు ఒకడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు వస్తాడు. పడుకొనేటప్పుడు హియరింగ్ ఎయిడ్ తీసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. అప్పుడు మెషిన్ అలారం మోగినా, బీపీ పడిపోతోందని మేం కేకలు వేసినా వాడికి తెలియదు. మొదట్లో కొత్త సిస్టర్ ఒకామె పలకడం లేదని భయపడి ఎమర్జెన్సీ పిలిచింది. ఇప్పుడు వాడి మంచం తలవైపు ‘భుజం తట్టండి’ అని అట్ట మీద రాసి కట్టాం. ఆసుపత్రిలో చేరినప్పుడల్లా మీరు కూడా ఇలాంటి అట్ట ఒకటి కట్టండి.

ఖర్చు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారికి డయాలసిస్, మార్పిడి రెండూ అందులో ఉన్నాయి. 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను 2022లో మొదలైంది. సొంత బీమా తీసుకొనేవాళ్లు ముందునుంచి ఉన్న జబ్బును దాచకుండా రాయండి. నిరీక్షణ కాలం 36 నెలలకు మించకూడదని 2024లో నియమం మారింది. దాచి రాసినవాళ్ల క్లెయిము కాగితాలు తిరిగొచ్చిన రోజున మా వెయిటింగ్ హాలులో వాళ్ల ముఖాలు చూడలేం.

మూడో కిడ్నీ

కళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. కటకం ముందువైపుకు శంకువులా పొడుచుకు రావడం ఈ జబ్బులో ఉంటుంది. ఏడాదిలో రెండుసార్లు అద్దాల నంబరు మారితే అనుమానించాలి. నాకు ఇరవై అయిదేళ్లకు శుక్లం ఆపరేషన్ లాంటిదే చేసి కటకం మార్చారు. కిడ్నీ, చెవి, కన్ను మూడింటిలో పూర్తిగా బాగుపడినది నాకు అదొక్కటే.

మౌలాలి అమ్మ

మూడు వారాల తరువాత రాస్తున్నాను. రెడ్‌హిల్స్ డాక్టరుగారు చెప్పిన అయిదు పరీక్షలూ చేయించుకున్నాను. మూత్రంలో రక్తం మూడు ప్లస్‌లు. ఆల్బుమిన్ నిష్పత్తి 410, ముప్ఫై లోపు ఉండాలట. బీపీ 152, కింద 96. క్రియాటినిన్ 1.1, ఫర్వాలేదన్నట్టుంది గానీ నా ఒంటికి అది కొంచెం ఎక్కువే అన్నారు. ఆడియోగ్రామ్‌లో గీత చివరికి వచ్చేసరికి కిందికి దిగింది. నాకు నలభై ఒకటి. మా అబ్బాయిని చూసే డాక్టరుగారు కాగితాలు పక్కన పెట్టి, "మీరు దాత కారమ్మా, మీరు నా రెండో పేషెంటు" అన్నారు.

బయటికొచ్చి ఆటో ఎక్కకుండా చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాను. నా కిడ్నీ బాగాలేదన్న దిగులు అప్పుడు రాలేదు, వాడికి ఇవ్వలేకపోతున్నానన్నదే వచ్చింది. నా సంగతి రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. దానితోపాటు మా అమ్మ కూడా. ఆవిడ యాభై ఎనిమిదో ఏట కాళ్లు ఉబ్బి, ఆయాసంతో పోయింది. గుండె అన్నారు. చివరి రోజుల్లో టీవీ గట్టిగా పెట్టమని గొడవచేసేది.

మా చెల్లెలు నిజామాబాద్‌లో ఉంటుంది. "నాది చూడండక్కా" అంది. ఆమెకూ సగం అవకాశం ఉందని చెప్పి ముందు మూత్ర పరీక్ష చేయించుకోమన్నాను. అదీగాక పిన్ని చట్టం దృష్టిలో దగ్గరి బంధువు కాదట, ఆమె ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకు వెళ్లాలట. చట్టంలో దగ్గరి బంధువులు అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తాత నాయనమ్మ అమ్మమ్మలు.

ఆ జాబితా మా వారు ఇంట్లో పైకి చదివారు. మా అత్తగారు పూజగది గుమ్మం దగ్గర కూర్చొని వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడకు అరవై అయిదు. ఆవిడ రక్తంలో ఈ జబ్బు లేదు, ఆ మాట ఆవిడే ఇన్నేళ్లుగా అంటున్నారు కదా. "నాయనమ్మ అని ఉందా అందులో?" అని అడిగారు. ఉందన్నారు మా వారు. మళ్లీ వత్తుల్లో పడిపోయారు. మర్నాడు ఉదయం కాఫీ తాగకుండా కూర్చొని, "పరీక్షకు పరగడుపున రావాలంటారు కదా, ఎప్పుడు వెళ్దాం?" అన్నారు. నేనేమీ మాట్లాడలేకపోయాను, ఆవిడా మాట్లాడలేదు.

రెడ్‌హిల్స్ డాక్టరు

అమ్మా, ఆవిడ తండ్రివైపు వ్యక్తి కాబట్టి మీ ఇంటి జన్యువు సమస్య లేదు. వయసు ఒక్కటే అడ్డు కాదు గానీ, అరవై అయిదులో కిడ్నీ పనిచేసే శక్తి, గుండె, షుగరు, బీపీ అన్నీ కఠినంగా చూస్తారు. వద్దన్నా మనసు కష్టపెట్టుకోవద్దని ఆవిడకు ముందే చెప్పండి. ఈలోగా జీవన్‌దాన్ నమోదు కూడా నడిపించండి, ఒకదాని కోసం ఇంకొకటి ఆపవద్దు. దాత ఉండి బ్లడ్ గ్రూపు కుదరకపోతే, అలాగే కుదరని మరో కుటుంబంతో దాతలను మార్చుకొనేందుకు కూడా చట్టం ఒప్పుకుంటుంది.

మీకు మందు మొదలుపెట్టారా?

మౌలాలి అమ్మ

పెట్టారు. రామిప్రిల్ 2.5. వారంలో పొడిదగ్గు మొదలైతే ఫోను చేయమన్నారు, వాంతులూ విరేచనాలూ అయిన రోజున వేసుకోవద్దన్నారు, రెండు వారాల్లో పొటాషియం చూపించుకోమన్నారు.

అత్తగారి బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్ వచ్చింది, గ్రూపు వరకు అడ్డు లేదు. ఆవిడకు బీపీ మాత్ర ఎనిమిదేళ్లనుంచి ఉంది, దాని మీద మిగతా పరీక్షలు సోమవారం. మా అబ్బాయిది రామిప్రిల్ 5, నాది 2.5, రెండు స్ట్రిప్పులూ ఒకే కంపెనీవి, ఒకేలా ఉన్నాయి. ఒకసారి తారుమారు అవబోయింది. ఇప్పుడు వాడి దాని మీద స్కెచ్ పెన్నుతో ‘చిన్నా’ అనీ, నా దాని మీద ‘అమ్మ’ అనీ రాసి, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి నా దిండు పక్కన పెట్టాను.